ఎనిమిది అక్షరాల పేరు

రిక్షా పూర్తిగా ఆగకముందే ప్రాజక్త ఒక కాలు బురదలో పెట్టింది. ఆమె చూపంతా ఒళ్లో ఉన్న సీపీయూ మీదే ఉంది. దాన్ని పాత చీరలో చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, జ్వరమొచ్చిన పసిపిల్లను డాక్టర్ దగ్గరికి తెచ్చినట్టు గుండెకు అదుముకుంది. తన తల తడిసినా ఫరవాలేదు, దానిమీద చుక్క పడకూడదు.

వెనక ఆమె బాపమ్మ ఓదెమ్మ గొడుగుతో దిగింది. గొడుగు మనవరాలి మీద పట్టాలో, కంప్యూటర్ మీద పట్టాలో తెలియక చివరికి తనమీదే పట్టుకుంది.

భివండీలో వరాలా తలావ్ చెరువుకు పోయే దారిలో ఆ దుకాణం చిన్నదే. లోపల నాలుగు కంప్యూటర్లు, విప్పి పడేసిన డబ్బాలు, తీగలు. బల్ల వెనక ఒకతను స్క్రూడ్రైవర్‌తో చెవి గోక్కుంటూ కూర్చున్నాడు.

"భూషణ్ అంటే ఎవలు?" అంది ప్రాజక్త.

"నేనే. ఏం గావాలె?"

"నా డిజైన్లు గావాలె."

అతను స్క్రూడ్రైవర్ దించాడు. "ఏం డిజైన్లు?"

"మా బాపు హనుమాండ్లు. నిన్న నీ దగ్గరికెల్లి కొత్త కంప్యూటర్ తెచ్చిండు. పాతదాంట్లయి అన్నీ దీంట్ల ఏసిన అని చెప్పినవట. ఏసినవు గని ఒక్కటి తెరుసుకుంటలేదు."

"అచ్ఛా, హనుమాండ్లు కాకా బిడ్డవా నువ్వు?"

గొడుగు మూస్తున్న ఓదెమ్మ ఆగింది. "ఏమన్నవ్ బిడ్డా? కాకా అన్నవా?"

"అవునవ్వా. కాకానే అంట."

"మంచిగన్నవ్. గట్లయితే మా ప్రాజక్తకు అన్న వరసయితవ్." ముసలామె ముఖం విప్పారింది. స్టూలు లాక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది. "ఇగ నాకు ఫికర్ లేదు. ఎంతసేపైనా చూస్కోండ్రి."

భివండీలో మరాఠీ బడికి పోయిన ప్రతి తెలుగు పిల్లవాడికీ కనిపించిన పెద్దమనిషల్లా కాకానే. కాకా అంటే తెలుగులో బాబాయి వరస అవుతుందని భూషణ్ ఎన్నడూ ఆలోచించలేదు. అప్పుడు కూడా ఆలోచించలేదు. అతను ప్రాజక్త కళ్లను చూస్తున్నాడు. ఆ కళ్లు అతన్ని తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాయి.

సీపీయూకి వైర్లు తగిలించాడు. పచ్చని కొండ, నీలాకాశం వచ్చాయి. కొత్త ఎక్స్‌పీ. డిజైన్ ప్రోగ్రామ్ నొక్కాడు. తెరమీద ఒక నల్ల డబ్బా మెరిసి, ఒక లైను రాసి, మాయమైంది.

"ఏం రాసింది?"

"రన్‌టైమ్ ఎర్రర్ టూ హండ్రెడ్. డివైడ్ బై జీరో."

"సున్నతోని భాగించొద్దని మా సుశీలాబాయి టీచర్ ఎనిమిదో తరగతిలనే చెప్పింది. దీనికెవలు చెప్పలేదా?"

భూషణ్‌కి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"చూడు, ఇది డాస్ జమానా ప్రోగ్రామ్. షోలాపూర్ల ఎవరో మాస్టర్ ఎప్పుడో రాసింది. ఇది రెండువేల నాలుగు. పారెయ్. నీకు కొత్తది మస్తుది ఏసిస్తా, కలర్ గిట్ల..."

"పారెయ్యాల్నా?"

ఆ ఒక్క మాట అన్న తీరుకు, గోడ దగ్గర జపం చేసుకుంటున్న ఓదెమ్మ కూడా ఆపి చూసింది.

ప్రాజక్త పదో తరగతి పాసైన ఏడాది బాపమ్మ కళ్లకు పొర వచ్చింది. ఇంట్లో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, దారం కండెలు చుట్టే చేయి తగ్గింది. అమ్మాయి చదువు మానేసి కండెల మిషను ముందు కూర్చుంది. తర్వాత తండ్రి ఎక్కడి నుంచో పాత కంప్యూటర్ తెస్తే, ఆరు నెలలు తంటాలు పడి తనంతట తానే బట్ట నేతకు డిజైన్ వేయడం నేర్చుకుంది. నాలుగేళ్లలో నూట నలభై డిజైన్లు. ఇంట్లో ఆమెకంటూ ఒక కుర్చీ వచ్చింది. ఆ కుర్చీలో ఉన్నంతసేపు ఎవరూ లేచి నీళ్లు తెమ్మనరు.

మొన్న కరెంటు ఎక్కువై పాత కంప్యూటర్ కాలిపోయింది, లోపలి డిస్కు ఒక్కటే మిగిలింది. అదే వారం బొంబాయి సేటు కబురు పంపాడు. నాలుగేళ్ల కిందటి మెట్ల డిజైన్ మళ్లీ కావాలి, శనివారానికి ఒక మీటరు నమూనా చూపించాలి అని. అప్పటి బట్ట ముక్క ఒక్కటీ మిగల్లేదు. డిజైన్ ఇక కంప్యూటర్లోనే.

"శనివారం దాకా పని కాకపోతే," అంది ప్రాజక్త, ఈసారి మెల్లగా, "డిజైన్ల పని బయిటోళ్లకు ఇస్తనన్నడు బాపు. నేను మల్ల కండెల మిషను కాడికి పోవాలె. గిప్పుడు చెప్పు, పారెయ్యాల్నా?"

భూషణ్ స్క్రూడ్రైవర్‌ను బల్లమీద పెట్టాడు. చాలా జాగ్రత్తగా, చప్పుడు కాకుండా.

"వద్దు," అన్నాడు. "రేపు రా."

మర్నాడూ వాన. మర్నాడూ గొడుగుతో ఓదెమ్మ.

"కంపాటిబిలిటీ అని ఒకటుంటది," భూషణ్ తెరమీది ప్రోగ్రామ్ బొమ్మను నొక్కి చూపించాడు. "కొత్త విండోస్‌కు, నువ్వు పాతదాని లెక్క నటించు అని చెప్పుడు. ఇగో, తొంభై అయిదు లెక్క నటించు."

నల్ల డబ్బా మెరిసి పోయింది.

"తొంభై ఎనిమిది లెక్క."

పోయింది.

"నటించుడు రాదు దానికి," అంది ప్రాజక్త.

"గదేంది బిడ్డా, కంపాటి?" ఓదెమ్మ గోడ దగ్గర నుంచి అడిగింది.

"కొత్తదాంట్ల పాతది కుదురుతదా లేదా చూసుడు అవ్వా."

"అంటే పిల్లకు పిలగానికి పేర్లు చూసినట్టు. కలిసినయా?"

"ఇంకా లేదవ్వా," అన్నాడు భూషణ్. ఎందుకో చెవులు ఎర్రబడ్డాయి. ప్రాజక్త చటుక్కున వానను చూడటం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి అతను అలసిపోయి ఒక పాత ఆట తెరిచాడు. ఫ్లాపీలో వచ్చిన కారు ఆట, చిన్నప్పుడు అతను వాడకట్టు మొత్తాన్ని ఓడించిన ఆట. "చూడు, నాది గూడ గిదే బాధ. కొత్త కంప్యూటర్ మీద ఏమైతదో."

కారు కనిపించింది. అతను వేలు మీట మీద పెట్టేలోపలే గోడకు గుద్దుకుంది. ఆట అయిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ గోడ.

ప్రాజక్త మొదటిసారి నవ్వింది. నవ్వు ఆపుకోవడానికి దుపట్టా కొస నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు.

"నవ్వు, నవ్వు. ఒకప్పుడు దీంట్ల నేను ఛాంపియన్‌ను."

"పుల్లీ పెద్దదైంది," అంది ఆమె.

"ఏంది?"

"మా మూడో నంబర్ సాంచాకు కొత్త మోటార్ పెట్టిండ్రు. పుల్లీ పాతది మార్చలే. సాంచా ఉరుకుడే ఉరుకుడు, దారం తట్టుకోదు గదా, తెగుడే తెగుడు. దారం ఖరాబుందని నాలుగు పడుగు బీములు మార్చిండ్రు. ఆఖరికి చూస్తే తప్పు దారానిది గాదు, ఉరుకుడుది. చిన్న పుల్లీ ఏసినంక నిమ్మలంగ నడిచింది." ఆమె తెర వైపు చూపించింది. "నీ కారుది గదే బాధ. నా ప్రోగ్రామ్‌ది గూడ గదేనేమో. నీ కంప్యూటర్‌కు పుల్లీ ఉండదా?"

భూషణ్ కదల్లేదు. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"పిలగానికి ఏమైంది?" అని ఓదెమ్మ కంగారు పడింది. "పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?"

"మొదలు తన ఉరుకుడు ఎంతో కొలుసుకుంటది," అన్నాడు అతను, ఎవరితోనో చెబుతున్నట్టు. "పాత కంప్యూటర్‌కు సరిపోయే కొలత. కొత్తది మస్తు ఫాస్ట్. లెక్క ఆ కొలతల పట్టక పలిగిపోతున్నది. ఏ విండోస్ అని కాదు..." చటుక్కున ఆమె వైపు తిరిగాడు. "నాలుగేండ్ల సంది కంప్యూటర్లు విప్పుతున్న. నాకు తట్టలేదు. నీకెట్ల తట్టింది?"

"నాకు సాంచా తెలుసు," అంది ప్రాజక్త.

పుల్లీ ఉంది. పాత ఆటల పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఎవరో పుణ్యాత్ములు రాసిన చిన్న ప్రోగ్రామ్ అది. ఉచితం. కొత్త కంప్యూటర్ కడుపులో ఒక పాత కంప్యూటర్‌ను నిలబెడుతుంది. దాని వేగాన్ని రెండు మీటలతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫోన్ లైను మీద అది దిగుతున్నంతసేపు భూషణ్ ఆమె కంప్యూటర్‌లోనే ఏదో టైపు చేస్తూ కూర్చున్నాడు, ఓదెమ్మ మూడుసార్లు కునికింది. లైను రెండుసార్లు తెగింది. రెండుసార్లూ ప్రాజక్త లేచి ఫోన్ తీగ ఊడిందేమో చూసింది.

సాయంత్రం అయిదింటికి భూషణ్ ఆమె ప్రోగ్రామ్‌ను దానిలో నడిపాడు.

నల్ల డబ్బా మెరిసింది. మాయం కాలేదు.

అతను వేగం మరీ తగ్గించాడేమో, మెట్ల డిజైన్ ఒక్కసారిగా రాలేదు. కిందినుంచి ఒక వరస వచ్చింది. దానిమీద ఇంకో వరస. సాంచా మీద బట్ట లేచినట్టే, దారం తర్వాత దారం, మెట్టు తర్వాత మెట్టు. నాలుగేళ్ల కింద పదహారేళ్ల పిల్ల గీసిన మెట్లు.

"పెంచాల్నా స్పీడు?" అని అడిగాడు భూషణ్.

"వద్దు," అంది ప్రాజక్త. "గిట్లనే రానీ."

ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఆమె చెంప మీద ఒక చుక్క జారింది. అది వానది కాదు.

"నూట నలభై ఉన్నయా, లెక్క చూడు," అందామె చెంప తుడుచుకుని. అతను ఫైళ్ల జాబితా తెరిచాడు. తొందరలో తన సొంత ఫోల్డర్ తెరిచాడు.

తెరమీద వరసగా పేర్లు. వాటి నడుమ రెండు: PRAJAK~1, PRAJAK~2.

భూషణ్ చేయి మెరుపులా కదిలి తెర తుడిచేసింది. కానీ నూట నలభై ఫైళ్లు కాచుకున్న కళ్లు ప్రాజక్తవి.

"ప్రాజక్ వన్, ప్రాజక్ టూ ఎవలు?"

"అదీ... పాత సిస్టమ్ గదా. పేరుకు ఎనిమిది అక్షరాలకంటే జాగా ఉండదు. పేరు పొడుగైతే కోసి, వన్ టూ అని తోక పెడతది."

"నా పేరు ఇంగ్లీష్ల సరిగ్గ ఎనిమిది అక్షరాలు. కొయ్యాల్సిన పని లేదు." ఆమె దుపట్టా సర్దుకుని లేచింది. "ఈ వాడల ప్రాజక్తలు మస్తుమంది. నంబర్లు ఏసి పెట్టుకున్నవన్నమాట. నేను టూనా, త్రీనా?"

"ఏ, గట్ల గాదు..."

"పా బాపమ్మా. అన్నకు పనున్నది."

ఆ అన్న అనే మాటకు భూషణ్ ముఖం గోడకు గుద్దుకున్న కారులా అయింది.

గురువారం కంప్యూటర్ ఇంటికి చేరింది. ఆ వాడకట్టులో కరెంటు గంటకోసారి పోయి వస్తుంటుంది. దుకాణంలో బ్యాటరీ ఉంది, గాళాలో లేదు. గాళా అంటే హనుమాండ్లు ఇంటికి ఆనుకుని ఆరు సాంచాలు నడిపే రేకుల షెడ్డు. అందుకని శుక్రవారం పొద్దున భూషణ్ ఒక బ్యాటరీ మోసుకుని తనే గాళాకు వచ్చాడు.

"రా పిలగా," అన్నాడు హనుమాండ్లు. "పట్టీలకు మేకులు కొట్టాలె. మా మనుషులు సాంచాల మీదున్నరు. జర చెయ్యి ఏస్తవా?"

"ఏస్తా కాకా," అని, ఆ మాటకు తనే ఉలిక్కిపడ్డాడు.

డిజైన్ కంప్యూటర్‌లో ఉంటే చాలదు. సాంచా నెత్తిన డాబీ అనే పెట్టె ఉంటుంది. దాంట్లో కర్ర పట్టీల దండ తిరుగుతుంటుంది. పట్టీ చిల్లుల్లో ఎక్కడ మేకు ఉంటే అక్కడి దారాలు లేస్తాయి. తెరమీది ఒక్కో వరస ఒక్కో పట్టీ అవుతుంది. ప్రాజక్త తెర చూసి చదువుతుంటే, భూషణ్ నేలమీద కూర్చుని మేకులు కొట్టాడు.

"రెండు, అయిదు, ఎనిమిది."

"రెండు, అయిదు, ఎనిమిది. ప్రాజక్తా, ఆ ఫైళ్లు..."

"మూడు, ఆరు, తొమ్మిది."

"నా మాట ఇను."

"మూడు, ఆరు, తొమ్మిది అన్న."

పక్కన ఆమె తల్లి ఎల్లమ్మ కండెలు చుడుతూ ఇద్దరినీ చూసి, చాయ్ పెట్టడానికి లేచింది.

నలభై పట్టీలు అయ్యాక ప్రాజక్త వచ్చి దండను ఎత్తి చూసింది. భూషణ్ మొదటి ఇరవై సరిగ్గానే కట్టాడు. ఆ తర్వాత ఆమె మాటల ధ్యాసలో పడి, మిగతా ఇరవై తలకిందులుగా కట్టాడు.

"మెట్లు ఎక్కుమంటే దిగుతున్నయి," అంది.

"విప్పుతా, మల్ల కడతా. సారీ."

ఆమె ఎక్కి దిగుతున్న ఆ మేకుల్ని చాలాసేపు చూసింది. "నువ్వు పొయి చాయ్ తాగు," అంది చివరికి. "నేను జర కంప్యూటర్ల చూసుకుంటా."

అతను ఎల్లమ్మ దగ్గరికి వెళ్లాడు. ప్రాజక్త తెర ముందు కూర్చుంది. అతని ఫోల్డర్ కూడా ఈ కంప్యూటర్‌లోనే మిగిలిపోయిందని అప్పుడు చూసింది. వేళ్లు మీటలమీద ఆగాయి. ఇంకొకరి ఫైలు తెరవకూడదు. కానీ పైన ఉన్న పేరు తనది. తన పేరు మీద వచ్చిన ఉత్తరం తను చదవకపోతే ఎవరు చదువుతారు?

మొదటిది తెరిచింది. "ప్రాజక్త కంప్యూటర్ రిపేర్. ఎక్స్‌పీ, పాత ప్రోగ్రామ్ నడవదు." అంతే.

రెండోది తెరిచింది. ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు. పైన, కోసి తోక పెట్టకముందరి పూర్తి పేరు, "ప్రాజక్తకు చెప్పాల్సినవి."

"పారెయ్ అన్నందుకు సారీ చెప్పాలి. పుల్లీ మాట వచ్చిన కాడినుంచి వేరే ఏదీ మనసుకు ఎక్కుతలేదని చెప్పాలి. శనివారం తర్వాత గూడ దుకాణానికి రమ్మనాలి. కంప్యూటర్ మంచిగ నడిస్తే ఎట్ల వస్తది? ఏదన్న ఖరాబు చేసి పంపాలి. వద్దు, పాపం. నవ్వు ఆపుకునేటప్పుడు దుపట్టా అడ్డం పెట్టుకోవద్దని చెప్పాలి. అన్నింటికంటే ముందు, వాళ్ల నాయినను కాకా అనుడు బంద్ చెయ్యాలి."

ప్రాజక్త రెండుసార్లు చదివింది. దుపట్టా కొస నోటిదాకా వెళ్లి, ఆగి, కిందికి దిగింది.

తర్వాత ఆమె తన ప్రోగ్రామ్ తెరిచి, ఎక్కే మెట్లను దిగే మెట్లతో కలిపి కొత్త డిజైన్ గీసింది. గంట పట్టింది. దాచేటప్పుడు అది పేరు అడిగింది. BHUSHAN అని కొట్టింది. ఏడక్షరాలే. ఒక గడి ఖాళీగా మిణుకుమంటోంది. అటూ ఇటూ చూసి, ఆ గడిలో P కొట్టింది.

శనివారం వాన తెరిపిచ్చింది. సేటు స్వయంగా వచ్చి గాళా గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. ఒక సాంచా మీద పాత మెట్ల నమూనా. పక్క సాంచా మీద కొత్తది. ఇద్దరు పనివాళ్లు శుక్రవారం సాయంత్రమంతా మేకులు కొడితే తయారైంది.

సేటు పాతదాన్ని తడిమి, కావాల్సింది ఇదే అన్నట్టు తలాడించాడు. "యహీ చాహియే థా." కొత్తదాన్ని ఎత్తి వెలుతురుకు పట్టాడు. మెట్లు ఎక్కుతున్నాయి, శిఖరం దగ్గర ఆగి దిగుతున్నాయి, మళ్లీ ఎక్కుతున్నాయి. తిప్పి వెనకవైపూ చూశాడు. ప్రాజక్త గోళ్లు అరచేతిలో దిగాయి.

"యే కిస్నే బనాయా?" ఎవరు చేశారని అడిగాడు.

"మేరీ బేటీ," అన్నాడు హనుమాండ్లు, కూతురిని చూపిస్తూ. ఆ రెండు మాటలు ఆరు సాంచాల చప్పుడు మీదుగా వినిపించాయి.

"దోనో చలేగా. ఔర్ సునో, డిజైన్ ఇసీసే కర్వానా. బాహర్ మత్ జానా." రెండూ తీసుకుంటాడట, ఇక డిజైన్లు ఈమెతోనే చేయించాలట, బయటికి పోవద్దట.

సేటు బండి మలుపు తిరిగాక హనుమాండ్లు లోపలికి వెళ్లి, కంప్యూటర్ ముందున్న కుర్చీని తన తువ్వాలతో తుడిచాడు.  తుడిచి, కూతురి వైపు జరిపాడు. ప్రాజక్త కూర్చుంది. సింహాసనం అయితే ఇంత ఎత్తు ఉండేది కాదు.

ఆ తర్వాత అతను నమూనాలకు కట్టిన చీటీలు చూశాడు. మళ్లీ ఆర్డర్ వస్తే వెతకడానికి ఫైలు పేరు చీటీ మీద తప్పకుండా రాయాలన్నది అతను పెట్టిన నియమమే.

"మెట్లు. ఇది సరే. ఇదేం పేరు బిడ్డా? భూ... షణ్... పీ?"

గాళాలో సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. మనుషులు మాత్రం ఆగిపోయారు. బ్యాటరీ విప్పుతున్న భూషణ్ తల ఎత్తాడు. చీటీ చూశాడు. ఎనిమిదక్షరాలు లెక్కపెట్టాడు. ప్రాజక్తను చూశాడు. ఆమె నవ్వుతోంది. దుపట్టా భుజం మీదే ఉంది.

"అది..." భూషణ్ లేచి నిలబడ్డాడు. చేతులకు నూనె మరకలు. "అది నేను చెప్తా మామా."

హనుమాండ్లు చీటీ మీంచి కళ్లు తీశాడు. "ఏమన్నవ్?"

"మామా అన్న."

"నిన్నటిదాంక కాకా అన్నవ్ గదరా?"

"అది పాత సిస్టమ్ మామా," అన్నాడు భూషణ్. "ఇయ్యాల్టి సంది అప్‌గ్రేడ్ అయింది."

ఎల్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కూతురి అలవాటు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. హనుమాండ్లు నవ్వాలా కోప్పడాలా తేల్చుకోలేక మూల కూర్చున్న తల్లి వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? నువ్వు రెండు దినాలు పక్కనే కూసున్నవ్ గదా?"

ఓదెమ్మ గొడుగు కర్రను నేలకు ఆనించి మెల్లగా లేచింది. పొర తీయించుకున్న కళ్లతో భూషణ్‌ను కిందినుంచి పైదాకా చూసింది.

"కళ్లు మూసుకున్న గని చెవులు మూసుకోలేదు. మీ ఇంటిపేరేంది బిడ్డా?"

భూషణ్ చెప్పాడు. ఓదెమ్మ వేళ్లమీద ఏవో లెక్కలు వేసింది. 

"మనది వేరు, వాళ్లది వేరు. మామ వరసే అయితది," అంది చివరికి. "తొల్తనే తప్పు పిలిచిండు పిచ్చి పిలగాడు. ఒరే హనుమాండ్లూ, రేపు పొయి వాళ్ల అవ్వతోని మాట్లాడు. కంపాటి కుదిరింది."